ఊరి డైటీషియన్

ఉద్యోగం కోసం రాసుకునే స్వపరిచయాన్ని కొరియాలో చాటుగా స్వనవల అని వెక్కిరిస్తారు. అందులో ఉన్నదాన్ని చదివినవాడు నమ్మడు, చాలాసార్లు రాసినవాడూ నమ్మడు. మెంగ్ బోరా మాత్రం ఒక ఆదివారం పొద్దున్నే వొంజులోని అద్దెగదిలో కూర్చుని, ఒక్క అబద్ధం లేకుండా స్వపరిచయం రాసింది. తప్పంతా అక్కడే ఉందని ఆవిడ కాలేజీ జూనియర్ యూరీ తేల్చేసింది.

యూరీ సియోల్‌లో ఒక పెద్ద ఆస్పత్రికి వచ్చే దరఖాస్తులు వడపోసే పనిలో ఉంది. ఇలాంటివి రోజూ చదివీ చదివీ ఆ పిల్లకి జాలి అనేది అరిగిపోయింది. బోరా పంపినది చదివి వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, మూడో ప్రశ్న ఏమడిగాడు?"

"నాయకత్వం చూపిన సందర్భాలు రాయమన్నాడు."

"మరి నువ్వు రాసిందేంటి? మేం చేశాం, మేం తగ్గించాం, మేం వండాం. ఎవరీ మేం? ఇంటర్వ్యూకి నువ్వొక్కదానివే వెళ్తావా, ఊరేగింపుగా వెళ్తారా?"

నిజానికి బోరా రాసిన మాట 'ఊరి'. మన ఊరికీ దానికీ చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళకి మేం అన్నా అదే, మన అన్నా అదే, మా అన్నా అదే. మనకి ఆ రెంటి మధ్యా ఒక గోడ ఉంది, పక్కింటివాడితో మన వీధి అంటాం, మా ఇల్లు అంటాం. వాళ్ళకి ఆ గోడ లేదు. ఒక్కగానొక్క బిడ్డ కూడా తల్లిని ఊరి అమ్మ అంటాడు. కట్టుకున్నవాణ్ణి సైతం ఊరి మొగుడనే చెప్పుకుంటారు, ఎవరికీ నవ్వు రాదు. మనం మాత్రం తక్కువ తిన్నామా, మా ఆయన అంటాంగానీ నా ఆయన అంటామా? అలాంటి మాటల్లో పుట్టి పెరిగిన మనిషిని పట్టుకుని నేను, నేను అని పేజీ నింపమంటే చెయ్యి ఎలా సాగుతుంది?

కానీ ఆ ఉద్యోగం బోరాకి కావాలి. గాంగ్‌నుంగ్‌లో కొత్తగా తెరవబోతున్న ఆస్పత్రిలో భోజన విభాగానికి పెద్దగా ఉండే పని అది. జీతంలో పెద్ద తేడా లేదు, పని మాత్రం రెట్టింపు. ప్రకటన అడుగున ఒక వాక్యం ఉంది, హెడ్ కుక్‌ని విభాగం పెద్దే ఎంచుకోవచ్చని. ఆ వాక్యం చదివాక బోరా మనసు మరి దేనిమీదా నిలవలేదు. ఓక్‌బున్ అక్కని తెచ్చుకోవచ్చు అనుకుంది.

ఓక్‌బున్, బోరా కలిసి పనిచేసింది సామ్‌చొక్‌లో, రేవు పైనున్న మిట్ట మీద ఒక చిన్న వృద్ధుల ఆస్పత్రిలో. బోరా ఏం వండాలో చెప్పే డైటీషియన్, ఓక్‌బున్ ఎలా వండాలో చెప్పే హెడ్ కుక్. మొదటి ఏడాది ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. "ఈ చప్పిడి సూపు తాగితే ముసలాళ్ళు రోగంతో కాదు, విరక్తితో పోతారు" అని ఓక్‌బున్ నలుగురిలో దులిపేసేది. బోరా ఏడ్చేది, ఏడ్చి మళ్ళీ వచ్చి గరిటెడు ఉప్పు తీయించేది. ఆ గొడవల మధ్యలో ఒకరోజు, అందరూ మేడమ్ అని పిలిచే ఆ పెద్దావిణ్ణి బోరా నోరుజారి అక్కా అంది. తల్లి వయసు మనిషి. వంటగదిలో అందరూ తలలెత్తి చూశారు. "కాటికి కాళ్ళు చాపుకునే వయసులో నన్ను అక్కని చేశావు కదే" అని ఓక్‌బున్ నవ్వి, ఆ రోజు నుంచి గుమ్మంలోంచే కేకేయడం మొదలుపెట్టింది: "ఏమే, ఊరి డైటీషియన్ ఏదీ? ఇలా వచ్చి రుచి చూడమను!"

ఆ కేకకి బోరా ఎక్కడున్నా "ఏంటక్కా?" అంటూ పరిగెత్తేది.

తర్వాత యజమానులు ఆ ఆస్పత్రిని అమ్మేశారు. ఇప్పుడు అక్కడ సముద్రం కనిపించే గదులున్న హోటల్ ఉందట, బోరా చూడటానికి వెళ్ళలేదు. వంటగది ఖాళీ చేసిన రోజు ఓక్‌బున్ తన కత్తిని పాత పేపర్లో చుట్టుకుంటూ, "నువ్వెక్కడైనా పెద్దదానివైతే పిలు. కత్తి పట్టుకుని వచ్చేస్తా" అంది. హాస్యంగానే అంది. బోరా మాత్రం దాన్ని కొంగున ముడేసుకుంది.

వొంజులో బోరా పనిచేసే ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటవాళ్ళు కాంట్రాక్టు మీద వస్తారు, పేర్లు నోటికొచ్చేలోపు మారిపోతారు. ఆవిణ్ణి డైటీషియన్ గారూ అంటారు. మర్యాదకి లోటు లేదు. అయినా మధ్యాహ్నం గరిటెలన్నీ కడిగి బోర్లించాక ఆవిడకి గుండెల్లో ఒకరకమైన గుబులు పుట్టేది. మనుషుల మీద బెంగ పెట్టుకోవడం అందరికీ తెలుసు. ఒక పిలుపు మీద బెంగ పెట్టుకుంటే ఎవరితో చెప్పుకుంటాం?

యూరీ రెండు రోజుల్లో స్వపరిచయాన్ని దిద్ది పంపింది. అంతా నేనే. నేను ఆరుగురు సిబ్బందిని నడిపించాను. నేను పారేసే అన్నాన్ని సగానికి తగ్గించాను. నేను తక్కువ ఉప్పుతో కొత్త వంటలు రూపొందించాను. బోరా చదువుతూ పోయింది. ఒక్కో 'నేను' దగ్గరా వంటగదిలోంచి ఒక్కో మనిషి లేచి వెళ్ళిపోయినట్టనిపించింది. చివరికి అంత పెద్ద పొయ్యి దగ్గర తనొక్కతే నిలబడి ఉంది.

ఆవిడకి ఏడుపొచ్చింది. యూరీకి ఫోన్ చేసి, ఇది దొంగతనంలా ఉందే అంది. యూరీ విసుక్కుంది. అక్కా, మిగతా నలభై మందీ నేనూ నేనూ అని రాస్తారు, నువ్వు మేమంటే ఆ మేంలో నిన్ను వెతికే ఓపిక చదివేవాళ్ళకి ఉండదు, నీకు ఉద్యోగం కావాలా, మంచితనం కావాలా అని నిలదీసింది. బోరాకి ఓక్‌బున్ కావాలి. అందుకని నోరుమూసుకుని ఒప్పుకుంది.

ఒక్క పేరా దగ్గర మాత్రం చెయ్యి రాలేదు. అది సామ్‌చొక్‌లో మంచు కురిసిన రోజుల గురించి. యూరీ దిద్దిన ఆ పేరా తీసేసి తన పాత పేరానే పెట్టి, యూరీకి చెప్పకుండా పంపేసింది.

ఇంటర్వ్యూలో సరిగ్గా అక్కడే దొరికిపోయింది. బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ ఆస్పత్రి డైరెక్టరు, జుట్టు నెరిసిన డాక్టరమ్మ. కాగితం మీద వేలు పెట్టి, కళ్ళజోడు మీదుగా చూసింది.

"మెంగ్ బోరా గారూ, ఇందులో అన్నిచోట్లా నేను, నేను. ఈ మంచు దగ్గర మాత్రం ఊరి, ఊరి. ఇద్దరు మనుషులు రాసినట్టుంది. మీరు రాసింది ఏది?"

బోరా చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది గానీ అది రాలేదు.

"ఆ మంచుది నేను రాశానండీ. మిగతావి కూడా జరిగినవే. కానీ అలా నాకు రాయడం రాదు."

పక్కనున్నాయన చిన్నగా నవ్వాడు. డైరెక్టరు నవ్వలేదు. సరే, ఆ మంచు సంగతే చెప్పండి, అందులో మీరెక్కడున్నారో నాకు కనపడటం లేదు అంది.

బోరా చెప్పింది. కొండదారి మూసుకుపోయి సరుకుల లారీ పైనే ఆగిపోయింది. గోదాములో ఉన్నవి బంగాళాదుంపలు, కొంచెం బియ్యం, ఎండు చేపలు. మంచులో నడవగలిగిన వంటవాళ్ళు నడిచే వచ్చారు. ఎవరికి ఏం పెట్టాలో రాసిన పట్టిక ప్రకారమైతే ఆ పూట సగం మందికి పెట్టడానికి ఏమీ లేదు. పట్టిక మార్చాలంటే డాక్టరు సంతకం కావాలి. ఆ డాక్టరు మంచుకి అవతల ఉన్నాడు, ఫోన్లు పనిచేయడం లేదు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎప్పుడూ నోరు మూయని ఓక్‌బున్ కూడా గరిటె పట్టుకుని ఊరుకుంది.

"అప్పుడు నేను, దుంపల్ని తురిమి పిండి ఉండల సూపు చేద్దాం, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి ముందే ముక్కలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి విడిగా చేద్దాం అన్నానండీ. డాక్టరుకి ఎవరు జవాబు చెప్తారే అంది మా హెడ్ కుక్. పేరొస్తే మనది అక్కా, మాటొస్తే నాది అన్నాను."

"మాటొచ్చిందా?"

"వచ్చిందండీ. సంతకం లేకుండా పట్టిక మార్చానని సంజాయిషీ రాయించుకున్నారు."

"అందులో ఊరి అని రాశారా?"

"లేదండీ. అందులో మొత్తం నేనే."

డైరెక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. పక్కనున్న ఇద్దరితో, నాయకత్వం గురించి ఇంక అడగాల్సింది నాకేం లేదు అంది. బోరాకి ఆ మాట మెచ్చుకోలో తిరస్కారమో అర్థం కాక బస్సులో దారి పొడుగునా వేళ్ళు విరుచుకుంటూనే ఉంది.

నవంబరులో, ఇంటింటా చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజుల్లో కబురొచ్చింది. ఉద్యోగం బోరాదే. హెడ్ కుక్ పేరు వారంలోగా చెప్పమన్నారు. యూరీకి చెబితే "చూశావా నా నేను ఎలా పనిచేసిందో" అని మురిసిపోయింది. బోరా కాదనలేదు. ఆ పిల్లకీ కాస్త పేరు రానీ అనుకుంది.

తర్వాత మధ్యాహ్నం పూట, వంట పని సద్దుమణిగే వేళ చూసుకుని ఓక్‌బున్‌కి ఫోన్ చేసింది. ఓక్‌బున్ దోంగ్హేలో ఒక వృద్ధుల డేకేర్‌లో వండుతోందని బోరాకి తెలుసు. చాలీచాలని జీతం, ఇరుకు వంటగది అని అక్కడ చేరిన కొత్తలో తిట్టుకుంది కూడా. ఇక ఆ తిట్లు తప్పుతాయి. గాంగ్‌నుంగ్‌లో ఇంటర్వ్యూ ఉందని బోరా ఆవిడకి ముందే చెప్పింది, హెడ్ కుక్ సంగతి మాత్రం దాచుకుంది. ముందు ఏం చెప్పాలో, ఎలా ఊరించి చెప్పాలో బోరా గదిలో అటూ ఇటూ తిరుగుతూ నాలుగుసార్లు అనుకుంది. అక్కా, కత్తి తెచ్చుకో అనాలి. అంతే అనాలి.

"ఆఁ, ఎవరూ? బోరానా? ఉండు ఉండు, చేతులు కారంలో ఉన్నాయి, స్పీకర్ పెట్టించాను. ఇక్కడ కిమ్చీ పెడుతున్నాం. క్యాబేజీలు చూస్తే భయమేస్తోంది, కొండలా ఉన్నాయి."

వెనక నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు, బేసిన్ ఈడ్చిన మోత. బోరా ఫోన్ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. ఆ వంటగదిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ చప్పుళ్ళన్నీ తెలిసినవే. ఇంత బెంగ పెట్టుకున్నానా అని ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

"అక్కా, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు చెప్పు. ఒక్క నిమిషం." ఓక్‌బున్ గొంతు పెంచింది, సామ్‌చొక్‌లో గుమ్మంలోంచి పెంచినట్టే. "ఏమే, ఊరి డైటీషియన్! ఇలా వచ్చి ఈ కారం రుచి చూడు!"

"ఏంటక్కా?" అంది బోరా.

"ఏంటక్కా?" అంది అక్కడ ఇంకో గొంతు. లేత గొంతు, పరిగెత్తుకొస్తున్నట్టుంది.

రెండు గొంతులూ ఒక్కసారే పలికాయి. అవతల నీళ్ళ చప్పుడు మాత్రం ఆగలేదు. ఎవరో కిసుక్కున నవ్వి, ఎవరూ తోడు నవ్వకపోతే ఆపేశారు.

"అబ్బే," అంది ఓక్‌బున్, గొంతు తగ్గించి. "అది... ఈ పిల్ల మొన్ననే చేరిందే. ఏమీ తెలీదు పాపం. ఉప్పు వేయనివ్వదు, అడిగితే ఏడుస్తుంది. నేను లేకపోతే ఈ ఆడాళ్ళు నమిలేస్తారు దీన్ని."

అవతల ఆ పిల్ల, నేనెప్పుడు ఏడ్చానక్కా అంటోంది. ఓక్‌బున్ దాన్ని ముద్దుగా కసురుతోంది. ఆ కసురు బోరాకి అక్షరం అక్షరం తెలుసు. ఆ తర్వాత వచ్చే నవ్వు కూడా తెలుసు.

మనకైతే చిక్కే లేదు. మన అంటే వినేవాళ్ళు లోపలున్నట్టు, మా అంటే గుమ్మం బయట నిలబడ్డట్టు. ఊరి అన్నప్పుడు తను లోపలుందో బయటుందో మనిషే తెలుసుకోవాలి. బోరాకి తెలిసింది.

ఓక్‌బున్‌ని అడిగితే వస్తుంది. అది కూడా బోరాకి తెలుసు. అన్నమాట కోసం కత్తి చుట్టుకుని బస్సెక్కే మనిషి. అప్పుడు ఆ పిల్ల, పేరేంటో కూడా అడగలేదు, మధ్యాహ్నం గరిటెలు బోర్లించాక గుబులుతో కూర్చుంటుంది.

"ఏంటే, ఏదో చెప్పాలన్నావు?" అంది ఓక్‌బున్. "నీ ఉద్యోగం సంగతేనా? గాంగ్‌నుంగ్‌ది వచ్చిందా?"

"వచ్చిందక్కా."

"వచ్చిందా! విన్నారా, ఊరి బోరాకి పెద్ద ఉద్యోగం వచ్చింది!" అని అక్కడున్న అందరికీ వినపడేలా అరిచింది. మొహం కూడా తెలియని ఆడవాళ్ళు అవతల చప్పట్లు కొట్టారు. చప్పట్లయ్యాక ఓక్‌బున్ మెల్లిగా, "మరి వంటకి మనిషి దొరికిందా?" అని అడిగింది.

బోరా కిటికీ వైపు తిరిగింది.

"చూస్తున్నానక్కా. దొరుకుతుందిలే," అంది. "నువ్వు అన్నం తిన్నావా?"