పన్నెండో రోజు కేక

దుర్గాశ్రీనివాస్ చేతికి మైకు ఇస్తే మైకం వచ్చేసినట్టే. పెళ్ళిళ్ళలో, సీమంతాల్లో, ఆఖరికి బోరు బావి ప్రారంభంలో కూడా బోరు కొట్టకుండా మాట్లాడతాడని గుడివాడలో పేరు. అలాంటివాడు, బందరు గిలకలదిండిలో, సొంత అమ్మమ్మ పోయిన పదకొండో రోజు, పెద్దకర్మ నాడు, షామియానా కింద మైకు పట్టుకుని నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, ఒడ్డున పడ్డ చేపలా నిలబడ్డాడు.

"బావా, నానమ్మ చేపల కేక ఒక్కసారి వెయ్యవా! పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాం, కాస్త నవ్వుకుంటాం," అన్నాడు మేనమామ కొడుకు పవన్.

ముందు వరసలో, అమ్మమ్మకి ముప్పై ఏళ్ళ నాటి చేపల ఖాతాదారు, గుడివాడ పుష్పావతి కూర్చుని ఉంది. ఆ మాట వినగానే ఆవిడ తల దించుకుంది. అది చూసి శ్రీనివాస్ మైకు కింద పెట్టేశాడు.

అమ్మమ్మ సత్యవతమ్మ ఉప్పెనలో మొగుణ్ణి పోగొట్టుకుని, ఇద్దరు పిల్లలతో దివిసీమ నుంచి బందరు చేరిన మనిషి. తెల్లారగట్ల రేవులో చేపలు కొని, తట్టతో పాసింజరెక్కి, గుడివాడ వీధుల్లో అమ్మేది. కూతురు పోయాక ఏడేళ్ళ మనవణ్ణి దగ్గర పెట్టుకుంది. చందువాలమ్మి చదువు చెప్పించింది. వాడికి చదువు ఒంటబట్టలేదు గానీ మాట ఒంటబట్టింది. మాట మీద మాట విసరడం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. బేరమాడేవాళ్ళని ఆవిడ నవ్వించి మరీ అమ్మేది.

రెండేళ్ళ కిందట పుష్పావతి కూతురి పెళ్ళిలో శ్రీనివాస్ స్టేజీ మీద నెత్తిన బుట్ట పెట్టుకుని, నడుం వంచి, అచ్చం అమ్మమ్మలా "చేపలమ్మా చేపలూ!" అని కేక వేశాడు. జనం ఈలలు వేశారు. ఈలలు వింటే అతను ఆగడు. "పైన తాజావి, కింద మొన్నటివి! పైవి చూసుకోండి, కిందవి తీసుకోండి!" అన్నాడు. పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. వెనక కుర్చీలో సత్యవతమ్మ కూడా ఉంది. విస్తరి వెయ్యకముందే లేచి వెళ్ళిపోయింది. రైలు టైమైందేమో అనుకున్నాడు అతను.

ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆవిడ గుడివాడలో అతని సందులో కేక వెయ్యలేదు. చప్పుడు లేకుండా వచ్చి, మెట్టు మీద చేపలు పెట్టి, అతని భార్య కుమారి గిన్నె తెచ్చేలోపే వెళ్ళిపోయేది. గొంతు పోయిందనుకున్నాడు శ్రీనివాస్. మిరియాల కషాయం కాయించాడు. దగ్గు బిళ్ళలు కొనిచ్చాడు. "అమ్మమ్మా, నీ గొంతుకి గంతలు కట్టారా ఏంటి?" అని నవ్వాడు కూడా. ఆవిడ బిళ్ళలు రొంటిన దోపుకుంది. నవ్వలేదు.

తిరుగు రైల్లో పుష్పావతి ఎదురుగా కూర్చున్నాడు.

"పిన్నిగారూ, ఎందుకండీ తల దించుకున్నారు?"

"ఏం లేదులే శీనూ."

"చెప్పండి. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడడుగుతాను?"

ఆవిడ కిటికీ వైపు చూస్తూ అంది. "ఆ పెళ్ళయ్యాక మా వాళ్ళు కొందరు తట్టలో చెయ్యి పెట్టి, అడుగు దాకా కెలికి మరీ చూసేవాళ్ళు. ఆవిడ ఏమీ అనేది కాదు. తనే తట్ట బోర్లించి చూపించేది."

"నాకు చెప్పలేదే! పాపం, గొంతు కూడా పోయింది ఆఖర్లో."

"గొంతు పోవడమేంటి? పోయేముందు వారం కూడా మా స్టేషను వైపు వీధులు దద్దరిల్లేలా అరిచింది."

శ్రీనివాస్‌కి వెంటనే అర్థం కాలేదు. రైలు వడ్లమన్నాడు స్టేషను దాటాక అర్థమైంది.

మనిషి పోయిన ఇంటి ముందు సత్యవతమ్మ కేక వేసేది కాదు. మైలు దూరం వినబడే గొంతు, మైల ఇంటి ముందు మాత్రం మూగబోయేది. చిన్నప్పుడు ఆవిడ వెనకాల నడుస్తూ వందసార్లు చూశాడు.

"పదకొండు రోజులూ అలాగే వెళ్ళిపోయేది కదండీ," అన్నాడు మెల్లగా.

"పన్నెండో రోజు మొదటి కేక ఆ గుమ్మంలోనే వేసేది. మా ఆయన పోయినప్పుడు అది వినే లేచి పొయ్యి వెలిగించాను," అంది పుష్పావతి.

శ్రీనివాస్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తన గుమ్మానికి రెండేళ్ళు దాటినా పన్నెండో రోజు రాలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి, చొక్కా వేసుకుని సందులోకి వచ్చి నిలబడ్డాడు. కుమారి గుమ్మంలోంచి "ఏంటండీ?" అంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"చేపలమ్మా చేపలూ! చందువాలూ, కానాగంతలూ!"

ఎదురింటివాళ్ళు అలవాటుగా నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయారు. రెండోసారి అరిచేసరికి గొంతు చీలింది.

చివరింట్లోకి కొత్తగా దిగిన సునీత గిన్నె పట్టుకుని గబగబా వచ్చింది. ఆవిడకి ఇతనెవరో తెలియదు.

"చందువాలున్నాయా అన్నయ్యగారూ? తాజావేనా?"

ఆ తాజా మాటకే రెండేళ్ళ కిందట పందిరంతా నవ్వింది.

"తాజావేనండీ," అన్నాడు శ్రీనివాస్. "పైవీ తాజావే, కిందవీ తాజావే. ఆవిడ ఏనాడూ మొన్నటివి అమ్మలేదు. నేనే అబద్ధం చెప్పాను."

సునీత అతని వెనక్కి, పక్కకి, మెట్టు మీదకి చూసింది.

"తట్ట ఏదండీ?" అంది.