పొట్టిదైన తూటా

అన్యాయం ఎవరికి జరిగింది? నా తమ్ముడికి. ఎలా జరిగింది? ఖజానా కాపలాలో పిస్తోలు చేతిలోనే పగిలి రెండు వేళ్లు పోతే, తూటాలో అతడే ఎక్కువ మందు కూరాడని ఆయుధాల గది అధికారి రాసి, ఉద్యోగం ఊడగొట్టించాడు. ఆరేళ్లుగా నేను ఆ రాతనూ నమ్మలేదు, రాసినవాణ్నీ నమ్మలేదు.

అక్కడొక పద్ధతి ఉంది. డ్యూటీ ఎక్కేటప్పుడు పిస్తోలులోకి తూటా ఎక్కిస్తారు, దిగేటప్పుడు తీస్తారు, మర్నాడు మళ్లీ అదే తూటాను ఎక్కిస్తారు. కొత్తది అడిగితే అధికారి కసురుతాడు.

విచారణ తిరిగి తెరిపించి, తమ్ముడి తరఫున నేనే వెళ్లాను. అక్కడి కాపలావాడి తూటాను, పెట్టెలోని కొత్తదాన్ని విచారణకర్త ముందు పక్కపక్కన నిలబెట్టమన్నాను.

“ఏంటమ్మా, ఎత్తు కొలిచి సైన్యంలో చేర్చుకుంటావా?” అన్నాడు అధికారి.

“ఒకటి పొట్టిదైంది నాయనా, కళ్లజోడు పెట్టుకుని చూడు.”

“పెద్దమ్మా, అది మూడు నెలలుగా నాతోనే తిరుగుతోంది,” అన్నాడు కాపలావాడు, అధికారి వైపు చూడకుండా.

దాని మొన బియ్యపుగింజ మందాన ఇత్తడి తొడుగులోకి దిగిపోయింది. ఎక్కించిన ప్రతిసారీ దెబ్బ తగిలి మొన లోపలికి జరుగుతుందని, తూటా లోపల చోటు తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి పెరిగితే పిస్తోలే పగలవచ్చని విచారణకర్త చెప్పాడు. అధికారి ముఖం పాలిపోయింది.

మర్నాడు అతడే మా ఇంటికి వచ్చి, “తప్పు నాది, నీది కాదు,” అని రాసి సంతకం చేసిన కాగితాన్ని తమ్ముడి చేతికిచ్చాడు. తమ్ముడు మిగిలిన మూడు వేళ్లతో దాన్ని పట్టుకుని రెండుసార్లు చదివాడు. ఆరేళ్లుగా మాకు బాకీపడిన మాట పూర్తిగా ముట్టింది.