గట్టు వెంట నడిచిన కారిన్యాన్ చెట్లు

పొద్దున లేవగానే యూగెత్ కాబ్రోల్ చేసే మొదటి పని వంటింటి కిటికీ తెరవడం. పోయిన మొగుడు అడవిపందుల వేటకి వాడిన దుర్భిణి కళ్ళకి పెట్టుకుని, తన ద్రాక్షతోట రాత్రికి రాత్రి ఎంతదూరం పోయిందో చూసుకుంటుంది. ఆ తరవాతే కాఫీ. మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచీ కొండ ఎక్కలేకపోతోంది కనక చూపుతోనే కాపలా.

ఫోజేర్ కొండల్లో కారిన్యాన్ అనే రకం ముసలి ద్రాక్షచెట్లకి కాలు నిలవదు. పందిళ్ళూ ఇనపతీగలూ అక్కర్లేకుండా నడుమెత్తున, దేనికది నిలబడే రకం అవి. ఎండ ముదిరితే నీడకి జరుగుతాయి, వాన ఎక్కువైతే పైకి పోతాయి. తీగలకి కట్టి పెంచే సిరా రకం ద్రాక్షచెట్లు మాత్రం పెట్టిన చోట బుద్ధిగా పడుంటాయి. నడిచే చెట్లకి ఊళ్ళో ఒకటే కట్టుబాటు: కోతలు మొదలుపెట్టమని చర్చి గంట కొట్టే వేళకి చెట్టు ఎవరి నేలలో ఉంటే చెట్టూ పంటా వాళ్ళవే. తాతల నాటి కట్టుబాటు అది. దాని మీద తన్నుకోవడమూ తాతల నాటి నుంచే ఉంది.

ఈ ఏడు యూగెత్ చెట్లు వరస తప్పకుండా ఫెర్నాన్ రూమెగాస్ పొలం వైపు నడుస్తున్నాయి.

రూమెగాస్ ఆమె మొగుడికి పినతల్లి కొడుకు. ఆ ముసలి మొద్దులు తన గట్టు దాటిన మర్నాడే ట్రాక్టరు పెట్టి పీకించి, యంత్రంతో కోసుకునే సిరా నాటిస్తానని కాఫీ హోటల్లో నలుగురి ముందూ చెప్పాడు. యూగెత్‌కి ఉన్నది ఆ ఒక్క తోట. అది పోతే ఆమె బతుకుతెరువూ పోతుంది.

ఒకరోజు ఆయన గేటు దగ్గర ఆగి పలకరించాడు.

“ఏం వదినా, కాలెలా ఉంది?”

“నా కాలి సంగతి నీకెందుకు? నా చెట్ల కాళ్ళ ముందు ఏం పోసి పిలుస్తున్నావో అది చెప్పు.”

“నేనేం పోస్తాను? మంచి నేల ఎక్కడుందో చెట్టుకి తెలీదా ఏం?”

“మీ నాన్న చేసిన వైన్ తాగినదాన్ని. మీ నేల సంగతి నా నాలిక్కి తెలుసులే, పో.”

అంత మాట అన్నదే గానీ ఆమె అనుమానం రూమెగాస్ దగ్గర ఆగలేదు. అసలు అనుమానం చెట్ల మీదే. తను ఎక్కలేకపోయేసరికి, ఎక్కగలిగినవాడి పంచన చేరుతున్నాయని. చలికాలమంతా చేతులు పగిలేలా కొమ్మలు కత్తిరించి సాకింది వాటిని. మనుషులు చేస్తే సరే, చెట్లు కూడానా?

కోతలు వారంలో ఉన్నాయనగా లీల్ నుంచి దెల్‌పోర్త్ అనే ఆయన దిగాడు. ఉత్తరాదివాడు, వైన్ కొట్టు ఉందన్నాడు. ఎవరూ పేరు వినని దక్షిణాది ఊళ్ళల్లో మంచి ఎర్ర వైన్ చవగ్గా ఎక్కడ దొరుకుతుందా అని తిరుగుతున్నానన్నాడు. ఫితూ చూశాడట, కాబర్దెస్ చూశాడట, మాల్‌పేర్‌లో మూడు రోజులున్నాడట.

“పేరున్న వైన్ కొంటే సగం డబ్బు పేరుకే పోతుంది. పేరు లేనిచోట ఇచ్చిన డబ్బుకి వైనే వస్తుంది” అన్నాడు హోటల్లో. అంతటితో ఊరుకున్నా బాగుండేది. గ్లాసు దించి, “ఇంత మంచి సరుకు ఇంత తక్కువకి ఎందుకమ్ముతున్నారండీ?” అని అడిగాడు.

ఆ మాటకే ఊరికి అనుమానం వచ్చింది. ఎక్కడైనా కొనేవాడు ధర ఎక్కువంటాడు గానీ తక్కువంటాడా? అన్నాడంటే సర్కారు తనిఖీవాడైనా అయ్యుండాలి, మోసగాడైనా అయ్యుండాలి. పైగా బూట్లకి దుమ్ము లేదు. సాయంత్రానికల్లా ఊళ్ళో సగం పీపాలకి తాళాలు పడ్డాయి.

దెల్‌పోర్త్ వెతుకుతున్నది ఒక వైన్‌ని. బెజియేలో ఒక పూటకూళ్ళ ఇంట్లో కూజాలో పోసిచ్చారట, చీటీ లేదు, పేరు లేదు. కొండల్లో ఎవరో ముసలావిడ చేస్తుందని మాత్రం చెప్పారట. వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ యూగెత్ గుమ్మం దాకా వచ్చాడు.

“అదే వైనైతే ఏటా మొత్తం నేనే కొంటాను మేడం.”

ఏటా కొంటాడట! చెట్లే ఉంటాయో లేదో తెలీని ఏడాది వచ్చి ఏటా అంటాడు. వీణ్ణి రూమెగాసే పంపుంటాడు, నా దగ్గర ఎంతుందో కూపీ లాగడానికి అనుకుంది యూగెత్. లోపలికెళ్ళి, వెనిగర్ కోసం పులియబెట్టిన పీపాలోంచి గ్లాసు నిండా పట్టుకొచ్చింది. ఆయన ఒక గుక్క తాగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉమ్మెయ్యకుండా మింగేసి, థాంక్సండీ అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మర్యాదే ఆమెకి గుచ్చుకుంది. పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు సిగ్గుపడింది.

గంట కొట్టబోయే ముందురోజు సాయంత్రం దుర్భిణిలో చూస్తే చెట్లు రూమెగాస్ గట్టుని ఆనుకుని ఉన్నాయి. గట్టుకి అవతల ట్రాక్టరు సిద్ధంగా ఉంది. యూగెత్ కిటికీ మూసేసింది. తెల్లారి లేచాక మళ్ళీ తెరవలేదు. పోయినవాళ్ళని ఏం చూస్తాంలే అని కాఫీ పెట్టుకుంది.

చర్చి గంట కొట్టారు. తలుపు తియ్యబోతే రాలేదు. భుజంతో నెడితే జానెడు సందు పడింది. ఆ సందులోంచి ఆకులు లోపలికొచ్చాయి.

వాకిలి నిండా చెట్లు. కోళ్ళ గూటి చుట్టూ, నూతి చుట్టూ, ఇంటి వెనక ఆమె బీడు నిండా కారిన్యాన్ చెట్లే, నల్లటి గుత్తులతో, వేళ్ళకి ఎర్రమట్టి దుమ్ముతో. మెట్టు మీదికెక్కిన ఒక చెట్టు తలుపుకి ఆనుకుని ఉంది.

రూమెగాస్ రొప్పుకుంటూ వచ్చాడు, దుమ్ములో పడ్డ జాడ వెంట. “గట్టు పొడుగునా నడిచాయి వదినా! నా పొలంలో ఒక్క వేరు పెట్టలేదు!”

తోటకీ ఇంటికీ మధ్య రాతిగోడ ఉంది. నడుమెత్తు చెట్లు దాన్ని ఎక్కలేవు. చుట్టు తిరిగి రావాలంటే ఉన్నది ఒకటే దారి, రూమెగాస్ గట్టు వెంట పోయే బండిబాట. ఆమె కొండెక్కడం మానిన ఈ వసంతంలో బయల్దేరి, ఇప్పటికి చేరాయి.

మెట్టు మీది చెట్టు కాస్త జరిగి తలుపుకి చోటిస్తే యూగెత్ గుమ్మంలోకి వచ్చింది. అప్పుడే సెలవు తీసుకుందామని వచ్చిన దెల్‌పోర్త్, సంచీ భుజాన వేసుకుని చెట్లని తప్పించుకుంటూ మెట్టు దగ్గర దాకా వచ్చాడు. ఆమె లోపలికెళ్ళి, తను రోజూ తాగే కూజాలోంచి ఒక గ్లాసు నింపి, చెట్ల మీదుగా అందించింది.

ఆయన గ్లాసు ఖాళీ చేశాడు. “బెజియేలో తాగింది ఇదే.”

“అవును.”

“మరి మొన్న నాకు పోసింది?”

“వెనిగర్.”

“ఎందుకండీ?”

“ధర తక్కువన్నావు కదా నాయనా, భయం వెయ్యదూ?”

రూమెగాస్ అందుకున్నాడు. “అదంతా సరే. వైన్‌కి ఫోజేర్ పేరు పెట్టుకోవడానికి సర్కారు గీసిన గీత కొండ మీదే ఆగిపోయింది. ఈ వాకిట్లో పండింది ఉత్త ఎర్ర వైనే వదినా, దానికి పేరుండదు.”

“పేరు నాకొద్దు” అన్నాడు దెల్‌పోర్త్. “ఏటా ఇక్కడ పండిందంతా నాకే కావాలి.” లీటరుకి ఇంత అని ఆమె ధర చెప్పింది. ఆయన దానికి ఇంకో రెండు యూరోలు కలిపాడు. యూగెత్ కళ్ళు చిట్లించి ఆయన బూట్ల నుంచి టోపీ దాకా చూసింది. చెయ్యి కలిపాక వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది కూడా.

వాళ్ళు వెళ్ళాక గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో బుట్ట పెట్టుకుని, కత్తెర తీసింది. మెట్టు మీది చెట్టు గుత్తులు కోసింది. కొయ్యడం అయ్యాక అది పక్కకి జరిగింది, వెనకది ముందుకొచ్చింది. అదీ అయ్యాక ఇంకొకటి. ఆమె కుర్చీలోంచి లేవక్కర్లేకపోయింది.

“మిమ్మల్ని కూడా అనుమానించానర్రా” అంది యూగెత్. కత్తెర ఒళ్ళో పెట్టి కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, నాలుగో చెట్టు వచ్చి ఆమె ముందు నిలబడింది.