గవరయ్య మింగిన మాత్ర

ఓయ్, చదివే బాబూ, నెత్తిన నూనె రాసుకుని నా దగ్గరికి రాకు. నీ బుర్రలో ఏముందో కనిపెట్టడమే కష్టం, పైన జిడ్డొకటా? నేను ఒక టోపీని. ఎండకు పెట్టుకునే రకం కాదు. ఒంటినిండా వైర్లు, బొత్తాల్లాంటి బిళ్లలు. మెదడులో పుట్టే అలల్ని పట్టి కంప్యూటర్‌కు అందిస్తాను.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, ఒక కాలేజీలో కుర్రాళ్ల నిద్రలు కొలిచి, చివరికి విశాఖలో ఒక ఆసుపత్రికి చేరాను. అక్కడ డాక్టర్ ధరణి ఒక మాత్ర మింగిస్తుంది. పుట్టగొడుగుల మందు. మింగితే లేని రంగులు కనిపిస్తాయి. ఆ మైకంలో అలలెలా మారతాయో చూస్తే స్పృహ అంటే ఏమిటో తెలుస్తుందని ఆమె ఆశ.

మింగడానికి గవరయ్య వచ్చాడు. చేపల రేవులో వేలంపాట పాడిన గొంతు, ఊరందర్నీ ఏడిపించిన నోరు. ఎదురుగా చక్రాల కుర్చీలో భార్య అసిరితల్లి. పక్షవాతంతో రెండేళ్లుగా మాటా లేదు, కదలికా లేదు. ఆమెకిక ఏమీ తెలియదని పెద్ద డాక్టర్లు తేల్చేశారు. అన్నీ తెలుసని గవరయ్య పట్టు. తన తర్వాత టోపీ ఆమెకూ పెట్టాలని షరతు.

మాత్ర నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి గోడలు ఊగుతున్నాయన్నాడు, డాక్టరమ్మకు పింఛం మొలిచిందన్నాడు, పళ్లు పటపట కొరికాడు. నాలో అలలు ఎగసిపడ్డాయి. ఇంత మైకం ఎవరికీ రాలేదని ధరణి, ఎంత లోతు చూశానో అని నేను, ఇద్దరం పొంగిపోయాం.

తర్వాత నన్ను అసిరితల్లికి పెట్టారు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. కావలసింది వెలిగినప్పుడు ఆమె మనసు ఉలిక్కిపడితే చాలు, నేను పట్టేస్తాను. చాలాసేపు ఏమీ లేదు. ఆపైన ఒక అక్షరం పడింది. ఇంకొకటి. ధరణి కుర్చీలోంచి లేచిపోయింది. తెర మీద రెండు మాటలు నిలిచాయి.

"మాత్ర జేబులో."

గవరయ్య చొక్కా జేబులోంచి మాత్ర తీసి బల్ల మీద పెట్టాడు. తనకు మతి తప్పితే ఆమెను చూసేదెవరని మింగకుండా, మా కన్నుగప్పి ఉమ్మి దాచి, మైకం నటించాడట. మెల్లగా ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"రెండేళ్లకి మాటాడి, ముందర నా మీద చాడీ సెప్పినావేటే," అన్నాడు, ఏడుస్తూ.

ఇప్పుడు రోజూ ఆమె నెత్తినే ఉంటున్నాను. గవరయ్యకు రోజూ తిట్లే. మరి ఆనాడు నాలో ఎగసిన ఆ మహా అలలంటావా? పళ్లు కొరికితే దవడ కండలు అదిరి పుట్టినవట. బుర్రలు చదివేదాన్నని విర్రవీగిన నేను, బాబూ, పూటంతా చదివింది గవరయ్య దవడని.