వాడి బోర్డు మీద మన పేరు

థూ! ఆ రోజు కోరుట్లలో చూసింది ఇప్పటికీ మరిచిపోలేను. బస్టాండు దగ్గర రెండంతస్తుల కొత్త ఆఫీసు. గుమ్మానికి బంతిపూల దండలు. పైన ఎర్రటి బోర్డు: 'జాడ ఓవర్సీస్ ప్రైవేట్ లిమిటెడ్'. దాని పక్కనే మన జాడ యాప్ పాదం గుర్తు. కింద ఫ్లెక్సీలో మన సలావుద్దీన్ నవ్వుతున్నాడు. అతని ఫోటో పెడుతున్నామని అతనికే ఎవరూ చెప్పలేదు. గల్ఫుకు మనుషుల్ని పంపే ఓనరు జలపతి పట్టుపంచె కట్టుకుని కొబ్బరికాయ కొడుతున్నాడు.

కార్మికులారా, విద్యార్థులారా, జాడ గురించి తెలియనివాళ్లుంటే వినండి. గల్ఫులో దగాపడి తిరిగొచ్చిన సలావుద్దీన్, సిరిసిల్ల నేతన్న బిడ్డ అనూష, నాలాంటి మరమగ్గాల సంఘం వాళ్లు కొందరం కలిసి తయారుచేసిన ఫోన్ యాప్ అది. ఏ ఏజెంటు మోసగాడో, ఏ కంపెనీ పాస్‌పోర్టులు గుంజుకుంటుందో అందులో కార్మికులే రాస్తారు. ఒక కంపెనీని మంచిదని రాయాలంటే, అక్కడ పనిచేసే మనిషి గొంతును మనవాళ్లిద్దరు ఫోన్‌లో స్వయంగా వినాలి. అది మా కట్టుబాటు. ఆ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టుకోవచ్చు. పేరును మాత్రం ఎవరూ తమ కంపెనీకి పెట్టుకోకూడదు. దానికి ట్రేడ్‌మార్క్ కూడా తీసుకున్నాం. కానీ ఊళ్లకు పోయినప్పుడు ఆ ముక్క చెప్పలేదు. జాడ పేరు కనిపిస్తే భయపడకండి అని మాత్రం మైకులో ఊరూరా అరిచాం.

ఆ అరుపు విని ముస్తాబాద్ నుంచి రాజవ్వ ఈ ఆఫీసుకే వచ్చింది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బందయి ఆమె కొడుకు రాకేశ్‌కు పని పోయింది. దుబాయిలో ప్యాకింగ్ పని ఇప్పిస్తానన్నాడు జలపతి. ఆదివారం విమానం. పాస్‌పోర్టు అప్పటికే వాడి బీరువాలో ఉంది.

అనూషను చూడగానే రాజవ్వ మొహం విప్పారింది. "మీ జాడ పేరు జూసే అచ్చిన బిడ్డా. వేరేటోడైతె పాస్‌పోర్టు ఇద్దునా? మనదే గదా అని ఇచ్చిన."

"పెద్దమ్మా, గిది మనది గాదు."

"గాకపోవుడేంది? గా పాదం గుర్తు నువ్వే జూపిస్తివి గదా!"

సలావుద్దీన్ అక్కడే నిలబడి ఫోన్లు మొదలుపెట్టాడు. జలపతి మనుషుల్ని పంపే చోట మల్యాల పిల్లగాడొకడు దొరికాడు. స్పీకర్ పెట్టి రికార్డు కూడా చేశాడు. అందరం విన్నాం.

"ప్యాకింగ్ లేదు, గీకింగ్ లేదన్నా. ఎడారిల మేకలు కాపిస్తున్రు. తాగుదామంటె సల్లటి నీళ్లు లెవ్వు. పాస్‌పోర్టు గుంజుకున్నరు. ఎవ్వల్ని రానియ్యకుర్రి, మీ కాల్మొక్త!"

రాజవ్వ అక్కడే మెట్ల మీద కూలబడింది. "నా కొడుకును నేనే బలిస్తుంటినా!" అని నెత్తి కొట్టుకుంది.

లోపలికి పోయాం. జలపతి మాకు కూల్‌డ్రింకులు తెప్పించాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

"మీ సాఫ్ట్‌వేర్ అందరిదని మీరే మొత్తుకుంటిరి" అన్నాడు పళ్లికిలిస్తూ. "గా అందర్ల నేను లేనా? సదువుకున్నోళ్లు, గింత కుళ్లు వెట్టుకుంటరా?"

"మా బాపు నేసే అంచు జూసి నువ్వు గూడ నేసుకో, వద్దనం" అంది అనూష. "నువ్వు నేసిన చింకిగుడ్డకు మా సంఘం ముద్ర ఎట్ల కొడ్తవు? జనం సాఫ్ట్‌వేర్‌ను జూసి రాలే. మమ్ముల నమ్మి అచ్చిండ్రు."

"నా ఫోటో తియ్యి ముందుగాల్ల!" అని సలావుద్దీన్ బల్ల గుద్దాడు.

జలపతి కూల్‌డ్రింకు తాగుతూనే ఉన్నాడు. "కోర్టుకు పోండ్రి. తీర్పచ్చెదాక బోర్డు గట్లనే ఉంటది."

పోలీస్ స్టేషన్‌కు పోయి బోర్డు సంగతీ పాస్‌పోర్టుల సంగతీ చెప్పాం. ఎస్సై తల కూడా ఎత్తలేదు. "పేరు కోసం కేసేందమ్మా? సివిల్ మ్యాటర్. మాకు వేరే పనులు లెవ్వా?" అన్నాడు. వకీలు సాబ్ దావా వేద్దామన్నాడు, గెలుస్తామన్నాడు, ఏళ్లు పట్టొచ్చన్నాడు. ఆదివారం విమానాన్ని ఆపే సెక్షనేమీ ఆయన దగ్గర లేదు.

సాయంత్రం బీడీలు చేసే షెడ్డులో మీటింగు పెట్టాం. ఒకటే లొల్లి. కాలేజీ కుర్రాడు మజర్ లేచి, "వాడే ఉంచుకోనీ గా పేరు. మనం వేరేది పెట్టుకుందాం. కోడ్ మన దగ్గర్నే ఉంది గదా" అన్నాడు. కొందరు తలలూపారు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే సులువనిపించింది.

బీడీ కార్మికురాలు లీల ఒళ్లోని చాట పక్కన పడేసింది. "భూమి వాయె, సాంచ వాయె, మొగోళ్లు దేశాలు వట్టి వాయె. ఇప్పుడు పేరు గూడ ఇడిసిపెట్టాల్నా? కొత్త పేరు వెడ్తె గది గూడ ఎత్కపోతడు వాడు. ఎన్నని మారుస్తవు రా?"

మజర్ ఆ చాట తీసి ఆమెకు అందించాడు. "సరే చిన్నమ్మా, ధర్నాకు ఎక్కడ కూసుందాం చెప్పు" అన్నాడు.

మరునాడు పొద్దున్నే జలపతి గుమ్మం ముందు కూర్చున్నాం. కోరుట్ల బీడీ కార్మికులు, సిరిసిల్ల నేతన్నలు, ముస్తాబాద్ నుంచి కల్లుగీసే గౌడన్నలు వచ్చారు. వచ్చిన ప్రతి మనిషికీ అనూష, సలావుద్దీన్ నిన్నటి గొంతు వినిపించారు. పాస్‌పోర్టులు ఇవ్వాలె, బోర్డు దించాలె. ఇవే మా డిమాండ్లు.

మధ్యాహ్నానికి జలపతి బయటికొచ్చాడు. తెలివైనవాడు. నేరుగా రాజవ్వ దగ్గరికి పోయి రాకేశ్ పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. "తీస్కో అవ్వా. నీ పని అయిపాయె. కొడుకును తోల్కోని ఇంటికి పో. గీళ్ల ఎంట ఎందుకు ఎండల?"

ఆమె కదిలితే గుంపు చీలుతుంది. రాజవ్వ పాస్‌పోర్టు విప్పి కొడుకు ఫోటో చూసుకుంది. జాకెట్లో దోపుకుంది. లేచింది. కొంగు దులిపి మళ్లీ అక్కడే కూర్చుంది.

"నా కొడుకుది అచ్చింది. వీళ్ల కొడుకులయి ఏయి?"

ఇక ఎవరూ ఆగలేదు. గుమ్మం దాకా జనం కమ్ముకున్నారు. గుమాస్తా భయపడి బీరువా తెరిచాడు. లీల ఒక్కొక్క పేరే చదువుతుంటే తల్లులు, పెళ్లాలు వచ్చి పాస్‌పోర్టులు అందుకున్నారు. రాజవ్వ మరిది ఐలయ్య తాడిచెట్లెక్కే మోకు తెచ్చాడు. దాన్ని గుమ్మం పక్క స్తంభానికి చుట్టి ఎగబాకాడు. కింద రాకేశ్ జనాన్ని వెనక్కి జరిపాడు. బోర్డు ఊడి నడిరోడ్డు మీద పడింది.

అప్పుడొచ్చారు పోలీసులు. మన పేరు దొంగిలించినప్పుడు తీరిక లేదు, మనుషుల్ని అమ్మినప్పుడు తీరిక లేదు. రేకుముక్క కింద పడగానే రెండు వ్యాన్లు! కంపెనీ ఆస్తి ధ్వంసమట. అసహ్యం వేసింది నాకు. ఐలయ్యను, అనూషను, సలావుద్దీన్‌ను, రాకేశ్‌ను, నన్ను ఎక్కించారు. రాజవ్వ తనంతట తానే ఎక్కింది.

"నువ్వెందుకే ముసలిదానా? దిగు!" అన్నాడు ఎస్సై.

"బోర్డు దించుమన్నది నేనే. రాసుకో."

అంతలో గుమాస్తాను నిలదీసిన మజర్ పరుగెత్తుకొచ్చాడు. జగిత్యాలలో రేపే ఇంకో బ్రాంచి తెరుస్తున్నారట, అదే పేరుతో. అక్కడి బీరువాలోనూ పాస్‌పోర్టులున్నాయట. వ్యాను కదిలింది. రాజవ్వ కిటికీ జాలీ పట్టుకుని బయటికి అరిచింది.

"ఏమే లీలా! ఇంకా నిలవడి జూస్తున్నవేందే? జగిత్యాల నడువుండ్రి! వాడు తెరిసేటాళ్లకు షటర్ ముంగట మీరుండాలె. బెయిలు మీద మేం గూడ సీద గాడికే అస్తం!"

వ్యాను మలుపు తిరిగేలోపే లీల రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆటోలు ఆపుతోంది.