జియావుల్లా తేర్చిన చెరువు

పుత్తూరు దాటినాక కొండ కింద ఉన్న చెరువులో చేపల వేలం పాట దక్కించుకున్నప్పటి నుంచి జియావుల్లాది ఒక్కటే లెక్క: నీళ్లు పచ్చబడితే చేపకు మేత. కాస్త తేటబడితే చాలు, పేడా సూపర్ ఫాస్ఫేటూ తెచ్చి చల్లేవాడు. చేపలు పెంచేవాళ్లంతా చేసే పనే. ఈ ఎండాకాలం మాత్రం ఆ పచ్చదనం హద్దు మీరింది. గట్టు వెంబడి పెయింటు డబ్బా ఒలికినట్టు తెట్టు కట్టింది. ముక్కు మూసుకోవాల్సినంత కంపు.

పక్క పొలం కయ్యల్లో మేసే మునిలక్ష్మి ఆవులు రెండూ వాసన చూసి వెనక్కి తిరిగేవి. ఒకటి నిండు చూలుతో ఉంది. వాటి కోసం ఆమె దూరంగా ఉన్న బోరు నుంచి బిందెలతో మోసి పోసేది. ఆ మోత చూస్తే జియావుల్లాకు సిగ్గేసేది. చెరువు తనది, చాకిరీ ఆమెది.

గూడూరు వైపు నిమ్మతోట ఉన్న బావమరిదిని అడిగి, చెట్లకు కొట్టే మైలుతుత్తం తెచ్చాడు, ఆ పచ్చను చంపడానికి. గోనెసంచిలో కట్టి, తెప్ప వెనక తగిలించి చెరువంతా తిప్పాడు. చెరువులో వేయొచ్చా అని ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని కాదు, అడగాలని తోచలేదు, అంతే. వారం తిరక్కుండానే పచ్చ విరిగి అడుక్కి దిగింది. ఒడ్డున గులకరాళ్లు కనిపించాయి. మనిషి ఉబ్బితబ్బిబ్బయి మునిలక్ష్మికి ఫోన్ చేసి, ఇంక బిందెలు మోయొద్దు, ఆవుల్ని తోలుకు రమ్మన్నాడు.

చూలు ఆవు కడుపారా తాగింది. రెండోది గట్టు మీద గడ్డి పీకుతూ ఉండగానే ఇది తూలి ముందుకాళ్ల మీద కూలింది. జియావుల్లా పరుగున పోయి కాళ్లు తడిమాడు. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు మనిషి కదా, ఏది కూలినా ముందు ఎముక విరిగిందేమోనని చూస్తాడు. ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. పామేమో అంది మునిలక్ష్మి. కాటు ఎక్కడా కనిపించలేదు.

ఆమె పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తుంటే, అతను చేపల ఆఫీసులో తెలిసిన రాజశ్రీ మేడంకి చేశాడు. మైలుతుత్తం మాట వినగానే ఆమె, ఎప్పుడు వేశావని అడిగింది. తర్వాత చెప్పింది. కొన్ని రకాల నాచు లోపల విషం ఉంటుందట. దాన్ని ఒక్కసారిగా చంపితే ఆ విషమంతా నీళ్లలో కలుస్తుందట. కంటికి కనబడదు, కాచినా పోదు. పరీక్ష చేసేదాకా ఆ నీళ్లు ఎవరినీ ముట్టనివ్వొద్దంది.

జియావుల్లాకు బుర్ర తిరిగిపోయింది. పచ్చ మేత అన్నారే, మరి ఏ పచ్చ మేత, ఏ పచ్చ విషం? తను చల్లిన పేడే దాన్ని పెంచిందా? మురికి పోయినాక విషమెట్లా వచ్చింది? ఎంత చూసినా అవి మంచినీళ్లలాగే ఉన్నాయి. రెండో ఆవును దూరంగా తోలాడు. తిరిగి వచ్చేసరికి మునిలక్ష్మి ఆ చెరువు నీళ్లే బకెట్‌తో ముంచుకొచ్చి పడిన ఆవు మూతి దగ్గర పెట్టబోతోంది. బకెట్ లాక్కుని ఒలకబోశాడు.

"ఏమబ్బా, దాని నోరు ఎండిపోతా ఉండాది."

"ఈ నీళ్లే అక్కా దాన్ని పడేసింది. మందేసి నేనే తేర్చినాను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నీళ్లను చూసింది, ఆవును చూసింది. ఆవు పొట్టలో దూడ కదులుతూ ఉంటే అక్కడ అరచెయ్యి పెట్టింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"పచ్చగా ఉన్నన్నాళ్లూ అది మూతి పెట్టలేదు కదప్పా. దానికి తెలస్తా ఉండె. ఇప్పుడు దానికి గూడా తెలీకుండా చేసినావు."