ఉత్తుత్తి డిస్కులు

ఏటూరునాగారానికి పది జీబీ, పాలంపేటకు పది జీబీ ఇచ్చి, వెంకట్రాజం మూడో డిస్కుకు ఊరి పేరు వెతుక్కుంటున్నాడు. సుబేదారిలోని ఆ చిన్న ఆఫీసులో పదకొండేళ్లుగా అతని పొద్దుటి పని ఇదే. స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించాలంటే డిస్కులు పాడుకావాలి. నిజమైనవి రోజూ పాడుచేస్తే కంపెనీ దివాలా తీస్తుంది. అందుకని ఒక ఫైలును చూపించి, ఇదే డిస్కని కంప్యూటర్‌ను నమ్మించాలి. పరీక్ష అయ్యాక తుడిచెయ్యాలి. పొట్ట దగ్గర బిగిసిన చొక్కాతో, చల్లారిన చాయ్ పక్కన వంగి కూర్చునే అతన్ని ఎవరూ పట్టించుకోరు. సాయంత్రానికి అతను చేసినవేవీ మిగలవు.

కొత్తవాళ్లకు అతను నేర్పేది ఒక్కటే: "తుడిచే ముందు సైజు చూడాలె." కరెంటు పోయి వస్తే డిస్కుల వరుస మారిపోతుంది. నిన్న ఉత్తుత్తిది ఉన్నచోట ఇవాళ అసలుది ఉండొచ్చు. పది జీబీ అయితే ఉత్తుత్తిది, రెండు టీబీ అయితే అసలుది.

పోయిన మంగళవారం అతనే చూడలేదు. కొత్తగా చేరిన హారిక అన్నానికి పోతే, ఆమె ఉత్తుత్తి డిస్కులు తుడిచి సాయం చేద్దామని ఆమె కుర్చీలో, ఆమె లాగిన్‌లోనే కూర్చున్నాడు. పొద్దున కరెంటు పోయిన సంగతి ఎంటర్ నొక్కాక గుర్తొచ్చింది. ఆ పిల్ల నాలుగు నెలల పరీక్ష ఫలితాలు పోయాయి. వెంకట్రాజం లేచి చాయ్‌కి వెళ్లిపోయాడు.

కంప్యూటర్ రికార్డులో హారిక పేరే ఉంది. మధ్యాహ్నం తనూ డిస్కులు తుడిచింది కనుక, మేనేజర్ ఓంప్రకాశ్ అందరిముందూ అడిగితే తానే అయి ఉంటానంది. వెంకట్రాజం కిటికీ బయటికి చూశాడు. ఉద్యోగం పోతుందని కాదు. ఊరంతటికీ చెప్పిన మాట తానే తప్పానని చెప్పడానికి సిగ్గు. ఆమెను మానెయ్యమన్నారు.

ఇవాళ ఆమెకు ఆఖరి రోజు. ఐదింటికి బ్యాగు భుజాన వేసుకుని వచ్చింది.

"పోయొస్త అన్నా."

"మంచిది చెల్లె. ఇంకో జాబ్ దొరుకుతది, ఫికర్ చెయ్యకు."

"జాబ్ గురించి కాదన్నా. ఆ రోజు సైజు చూసినట్టే యాదికున్నది. చూసి టిక్కు గూడ పెట్టిన. అలవాటుకొద్ది పెట్టిన్నో ఏమో. నా మీద నాకే నమ్మకం పోయింది." ఆమె కళ్లు తుడుచుకుంది. "నువ్వు చెప్పన్నా. చూడకుంటనే తుడిచిన్నా నేను?"

చెప్పాల్సింది ఒక్క మాట. అది నోటిదాకా వచ్చింది.

"ఒక్కోసారి అట్లయితది చెల్లె," అన్నాడు.

ఆమె సరేనన్నట్టు తలూపి మెట్లు దిగింది. అతని చెవులు కాలిపోయాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి మెట్లదాకా వెళ్లేసరికి కింద స్కూటీ వెళ్లిపోతున్న చప్పుడు వినిపించింది.

తిరిగొచ్చి, సైజు రెండుసార్లు చూసి, ఏటూరునాగారాన్నీ పాలంపేటనూ మూడోదాన్నీ తుడిచేశాడు. లైటు ఆర్పడానికి హారిక టేబుల్ దగ్గరికి వెళ్లాడు. ఆమె చిన్న క్యాలెండర్ అక్కడే ఉండిపోయింది. పైన గుండ్రటి అక్షరాలతో "తుడిచే ముందు సైజు చూడాలె - రాజమన్న" అని రాసుకుంది. కింద గడిగడికీ నీలి ఇంకు టిక్కులు, పోయిన మంగళవారం గడిలో కూడా.